కొనలేని నేల, కలిసి పట్టే కౌలు

వ్యవసాయ సహకారం అనగానే అప్పులిచ్చే సొసైటీ, ఎరువుల గోదాము, పాల కేంద్రం గుర్తుకొస్తాయి. సాగుకు మొదట కావలసినది భూమి. ఆ భూమినే సభ్యులకు అందించే సంఘాలు మన దగ్గర తక్కువే అయినా, వాటి చరిత్ర చిన్నది కాదు. భూమి లేనివారు, ఎకరం అరెకరం మాత్రమే ఉన్నవారు సంఘంగా ఏర్పడతారు. సంఘం పేరుతో భూమిని కౌలుకు తీసుకుంటారు, వీలైతే కొంటారు. ఆ తర్వాత అందరూ కలిసి సాగు చేయవచ్చు, లేదా మడులు పంచుకుని ఎవరి పైరు వారు పెట్టుకోవచ్చు. ఆసామితో బేరం, కౌలు చెల్లింపు, పెట్టుబడి అప్పు, నష్టం వచ్చిన ఏడాది సర్దుబాటు మాత్రం సంఘం చూసుకుంటుంది. ఒంటరి కౌలుదారుకు లేని బలం అక్కడి నుంచే వస్తుంది.

ఆ బలం అవసరం శ్రీహరికోటకు ఎదుటి ఒడ్డున స్పష్టంగా కనిపిస్తుంది. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాలు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నేల తీరులోనూ సాగు తీరులోనూ నెల్లూరు సీమే. ఇక్కడ కౌలును ధాన్యంలో లెక్కించేవారు పుట్లలో చెబుతారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఈశాన్య రుతుపవనం వానలకు చెరువులు నిండాక నాట్లు పడతాయి. నీళ్లుంటే వేసవిలో ఎడగారు పండుతుంది, లేకుంటే లేదు. వాన ఎలా ఉన్నా కౌలు కౌలే. డబ్బు రూపంలో ముందే చెల్లించే పద్ధతి పెరిగాక నష్టభయం పూర్తిగా కౌలుదారు మీదే పడింది. ఒప్పందం నోటిమాట. కౌలుదారుకు హక్కు వస్తుందేమోనన్న భయంతో ఆసామి రెండు మూడేళ్లకోసారి మనిషిని మారుస్తాడు. పంట రుణం, బీమా, పంట నష్టం పరిహారం పట్టాదారు పేరునే నడుస్తాయి. వచ్చే ఏడాది తనది కాని మడికి పశువుల ఎరువు తోలే కౌలుదారు ఉండడు. నేల చవుడుబారుతుంటే కాలువ తీసి ఉప్పు కడిగే ఖర్చు కూడా పెట్టడు.

భూమి ఈ తీరంలో కూలివాడికి అందనంత దూరం ఎందుకు వెళ్లిందో తెలియాలంటే దీవి కథ నుంచే మొదలుపెట్టాలి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోటను 1835లో మద్రాసు ప్రభుత్వం తన అధీనంలోకి తెచ్చుకుంది. దీవి అడవిలోని కలప పడవల మీద మద్రాసుకు వంటచెరకుగా వెళ్లేది. ఆ అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరిస్తూ, సరస్సులో చేపలు పడుతూ బతికినవారు యానాదులు. 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి దీవి ఎంపికైంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్ ఎగిరింది. కేంద్రం పరిధిలోకి వచ్చిన భూమి 43,360 ఎకరాలు. దేశానికి ఆ కేంద్రం అవసరం గురించి వాదన లేదు. అయితే పట్టా ఉన్న పొలానికి ధర కట్టడం తెలిసిన 1894 నాటి భూసేకరణ చట్టానికి, పట్టా లేకుండా అడవినీ నీటినీ నమ్ముకున్న బతుకుకు వెల కట్టడం తెలియదు. దీవి వదిలినవారు ఒడ్డు ఊళ్లలో వరికోతలకూ, పొలాల్లో ఎలుకలు పట్టడానికీ, తోటల కాపలాకూ, తర్వాత రొయ్యల గుంటల కాపలాకూ మళ్లారు. వారి హక్కుల కోసం నెల్లూరు కేంద్రంగా దశాబ్దాల పాటు శ్రమించిన వెన్నెలకంటి రాఘవయ్య పేరు ఇప్పటికీ యానాది సంఘాలు తలుస్తాయి.

ఒడ్డున ఉన్న పేదలకు ప్రభుత్వం ఇచ్చినది డీ-ఫారం పట్టా. బంజరు, పోరంబోకు భూముల్లో ఎకరం, రెండెకరాల చొప్పున కుటుంబాల పేర రాసిచ్చారు. అమ్మడానికి వీల్లేదని 1977 చట్టం (ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం) కట్టడి చేసింది. చట్టం అమ్మకాన్ని ఆపింది కానీ భూమి చేజారడాన్ని ఆపలేకపోయింది. దుక్కికి ఎద్దులు లేక, బోరుకు డబ్బు లేక, బ్యాంకు గడప ఎక్కలేక చాలా పట్టాలు కాగితంగానే మిగిలాయి. 1990లలో రొయ్యల సాగు తీరం వెంట పాకినప్పుడు గుంటలకు కావలసిన నేల చాలాచోట్ల ఇలాంటి పట్టాల నుంచే వచ్చింది. కాగితం పేదవాడి దగ్గర, గుంట వేరొకరి చేతిలో. తీర ప్రాంత రొయ్యల చెరువులపై 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చినా, అప్పటికే గుంటల పక్కన ఉన్న వరి మడుల్లోకి ఉప్పు దిగింది. 2023లో చట్టాన్ని సవరించి, కేటాయించి 20 ఏళ్లు దాటిన భూములపై మూల లబ్ధిదారులకు పూర్తి హక్కులు కల్పించారు. హక్కు రావడం న్యాయమే. కానీ ధరలు ఎగిసిన తీరంలో అమ్ముకునే స్వేచ్ఛ అంటే, పేదల చేతిలో మిగిలిన కొద్ది నేల సంతకు వచ్చే దారి తెరవడం కూడా.

ధరల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2008లో సత్యవేడు దగ్గర శ్రీసిటీ, అదే ఏడాది కృష్ణపట్నం ఓడరేవు, మధ్యలో చెన్నై రహదారి. పొలం ధర అది పండించే పంటను బట్టి కాక, రేపు అక్కడ ఏమి రావచ్చన్న ఊహను బట్టి ఏర్పడుతోంది. వరి మీద వచ్చే మిగులుతో అలాంటి పొలం కొనాలంటే ఒక తరం చాలదు. ఇక్కడ ఒక వింత కూడా చెప్పుకోవాలి. దేశంలో అతిపెద్ద రైతు సహకార సంస్థల్లో ఒకటైన ఇఫ్కో, కొడవలూరు మండలం రాచర్లపాడు వద్ద ఎరువుల కర్మాగారం కోసం 1990లలో 2,700 ఎకరాలకు పైగా భూమి పొందింది. కర్మాగారం రాలేదు. తర్వాత అది కిసాన్ సెజ్ అయింది. నెల్లూరు జిల్లాలో సహకార రంగం పేరుతో జరిగిన అతిపెద్ద భూవ్యవహారం రైతుకు భూమి ఇచ్చినది కాదు, రైతు నుంచి తీసుకున్నది.

భూమిని సమష్టిగా చూసే ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. కొన్నాళ్లకే వినోబా భూదానం నుంచి గ్రామదానం వైపు జరిగారు. విడిగా పంచిన తుండ్లు నిలవవనీ, భూమిపై యాజమాన్యం గ్రామానికీ సాగు హక్కు కుటుంబానికీ ఉండాలనీ గ్రామదానం చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేసింది. చట్టం పుస్తకంలో మిగిలింది. ఆలోచన మాత్రం సముద్రం దాటింది. అమెరికాలో జార్జియా రాష్ట్రం లీ కౌంటీలో 1969లో నల్లజాతి పౌరహక్కుల కార్యకర్తలు చార్లెస్ షెరాడ్ తదితరులు న్యూ కమ్యూనిటీస్ పేరుతో దాదాపు 5,700 ఎకరాల సమష్టి భూమి ఏర్పాటు చేశారు. ఆ నమూనాకు రూపమిచ్చినవారిలో ఒకరైన రాబర్ట్ స్వాన్ గ్రామదానాన్ని తమ ప్రేరణల్లో ఒకటిగా చెప్పుకున్నారు. కరవు వచ్చినప్పుడు వ్యవసాయ రుణ సంస్థ తెల్లవారికి ఇచ్చినట్టు అప్పు ఇవ్వకపోవడంతో 1985లో ఆ భూమి చేజారింది. వివక్ష జరిగిందని తేలి 2009లో కోటి డాలర్లకు పైగా పరిహారం వచ్చింది. భూమి సమష్టిదైనంత మాత్రాన పెట్టుబడి సమస్య తీరదని ఆ అనుభవం చెబుతుంది.

మన దగ్గర మరో అపార్థం కూడా అడ్డుపడింది. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం సహకార సమష్టి వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించింది. నిడుబ్రోలు రైతు కుటుంబం నుంచి వచ్చిన ఎన్.జి. రంగా దాన్ని తీవ్రంగా వ్యతిరేకించి, రాజాజీతో కలిసి అదే ఏడాది స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. సొంత పొలం ఉన్న రైతు తన గట్టు చెరిపి ఉమ్మడిలో కలపాలా అన్నదే అప్పటి వాదన. రంగా భయం నిరాధారమైనది కాదు. ఆ రోజుల్లో ఏర్పడిన సమష్టి వ్యవసాయ సంఘాల్లో చాలావాటిని పెద్ద ఆసాములే బంధువుల పేర్లతో, భూపరిమితిని తప్పించుకోవడానికో ప్రభుత్వ గ్రాంటు కోసమో పెట్టుకున్నారు. క్షేత్ర పర్యటన చేసిన ఆర్థిక శాస్త్రవేత్త డేనియల్ థోర్నర్ అలాంటి బూటకాలను చూసి రాశాడు. కానీ భూమి ఉన్నవాడు దాన్ని కలపడం వేరు, లేనివాళ్లు కలిసి భూమి సంపాదించడం వేరు. మొదటిదానిపై వచ్చిన వ్యతిరేకత రెండోదాన్నీ కప్పేసింది. 1959 తర్వాత సహకారం అంటే అప్పు, ఎరువు, అమ్మకం వరకే అన్న గీత పడిపోయింది.

ఆ గీతకు బయట కొన్నిచోట్ల మాత్రం సంఘాలకు భూమి అందుతూ వచ్చింది. కృష్ణా గోదావరి లంకల్లో ఏటి ఒండ్రు మేటవేసిన ప్రభుత్వ భూములను వ్యవసాయ కూలీల సహకార సంఘాలకు కౌలుకు ఇచ్చేవారు. సభ్యుల్లో ఎక్కువమంది దళితులు. లంక నేల సారవంతం. పొగాకు, మిరప, కూరగాయలు బాగా పండుతాయి. అందుకే ఆ కౌళ్ల మీద పోటీ, కోర్టు కేసులు, బినామీ సాగు వెంట వచ్చాయి. నిలదొక్కుకున్న సంఘాల్లో సభ్యులే లంక దిగి పైరు పెట్టారు. రిజిస్టరులో పేర్లు మాత్రమే ఉన్నచోట ఏటా కొంత డబ్బు చేతిలో పడేది, నేల మాత్రం గట్టు మీది ఆసామి సాగులో ఉండేది.

ఇదే కొల్లేటిలో పెద్ద ఎత్తున జరిగింది. 1970లలో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేరు ఊళ్ల మత్స్యకారులతో, దళితులతో సహకార సంఘాలు ఏర్పరచి, సరస్సు పరిధిలో చేపల చెరువులు తవ్వించి కేటాయించింది. ఉద్దేశం మంచిది. చెరువు తవ్వకానికి అప్పు, సంఘానికి సామూహిక హక్కు, సభ్యులకు ఆదాయం. కానీ చేపల సాగు పెట్టుబడి ఎక్కువగా అడిగే పని. పిల్లకూ మేతకూ మందుకూ కావలసిన డబ్బు సంఘం దగ్గర లేదు. దాన్ని సమకూర్చే ఏర్పాటు అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు. డబ్బున్నవారు చెరువులను లీజుకు తీసుకున్నారు. సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలాదారయ్యాడు. లీజు రుచి మరిగాక సంఘం ఎన్నికలు కూడా లీజుదారులు నడిపించే వ్యవహారాలయ్యాయి. సంఘాల చెరువుల పక్కన అనుమతి లేని ప్రైవేటు చెరువులు అనేక రెట్లు పెరిగాయి. 1999లో అయిదో కాంటూరు లోపలి సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. పెట్టుబడిదారు తన డబ్బుతో మరోచోటికి వెళ్లగలిగాడు. ఊళ్లో మిగిలిన సంఘ సభ్యుడికి చెరువూ పోయింది, చెరువు రాకముందు ఉన్న స్వేచ్ఛా వేటా పోయింది. సహకార భూమి ఎలా విఫలమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువారికి ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు. కేటాయింపు మాత్రమే ఇచ్చి పెట్టుబడి ఇవ్వకపోతే సంఘం అద్దె వసూలు చేసే సంస్థగా మారుతుంది.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం మెదక్ జిల్లా (ఇప్పుడు సంగారెడ్డి) జహీరాబాద్ ప్రాంతానిది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దళిత మహిళలతో ఊరూరా సంగాలు ఏర్పరచింది. అక్కడివారు ‘సంగం’ అనే అంటారు. ఎర్ర చెల్క నేలలు, వానాధారం, బీళ్లు పడిన పొలాలు. ఎవరికీ అక్కరలేని నేల కాబట్టి కౌలు తక్కువ. 1980ల చివరి నుంచి సంగాలు అలాంటి పొలాలను గుంపుగా కౌలుకు పట్టాయి. డ్వాక్రా కింద ప్రతి గుంపుకూ వచ్చే 25 వేల రూపాయల రివాల్వింగ్ ఫండ్‌ను కుట్టుమిషన్లు, పచ్చళ్ల వంటి చిన్న వ్యాపారాలకు వాడాలని అధికారులు ఆశించేవారు. ఈ మహిళలు ఆ డబ్బుతో భూమి కౌలుకు తీసుకుంటామని పట్టుబట్టారు, సాధించారు. 1990ల మధ్యకు యాభైకి పైగా ఊళ్లలో ఈ సమష్టి కౌలు సాగింది.

ఆ సంగాలు పనిచేసిన తీరు చిన్న వివరాల్లో ఉంది. ఏ పొలం పట్టాలో నిర్ణయించడానికి ఒక కమిటీ. ఆ కమిటీలోని ఆడవాళ్లు నేల చూసి, ఎన్నేళ్లు బీడుందో అడిగి, కౌలు ఎంతకు తగునో తేలుస్తారు. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో లెక్క రాస్తారు. పంటలో పాలు ఆ లెక్క ప్రకారమే వస్తుంది. ఊరి పెద్ద ఒక్క కూలిదాన్ని దబాయించగలడు, ఇరవైమంది మాటను తీసెయ్యలేడు. ఒకే పొలంలో జొన్న, కంది, సజ్జ, అనుములు, కొర్ర కలిపి చల్లారు కాబట్టి ఒకటి ఎండినా ఇంకొకటి గింజ పెట్టింది. మార్కెట్లో వచ్చే ధర గురించి కాక ఇంటి గింజ గురించి మొదట ఆలోచించారు. ఆ తర్వాతే గింజల నిల్వ, ఊరి స్థాయి ధాన్య పంపిణీ, విత్తనాల దాపు వచ్చాయి. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వచ్చింది.

ఇక్కడే కొనుగోలు ప్రయోగం కూడా జరిగింది. 1974లో ఏర్పడిన రాష్ట్ర షెడ్యూల్డ్ కులాల సహకార ఆర్థిక సంస్థ, భూమి కొనడానికి సగం గ్రాంటుగా, సగం అప్పుగా ఇచ్చే పథకం నడిపింది. సంగం మహిళలు గుంపుగా దరఖాస్తు చేసి, పొలం తామే వెతికి, బేరమాడి కొన్నారు. రిజిస్ట్రేషన్ ఒక్కొక్కరి పేర ఎకరం చొప్పున, సాగు మాత్రం ఉమ్మడిగా. పద్నాలుగు ఊళ్లలో 470 ఎకరాలకు పైగా ఇలా వచ్చింది. ఆడమనిషి పేర పట్టా ఉండడం ఇంట్లో ఆమె మాటకు బరువు పెంచింది. గుంపులో ఉండడం ఆ పట్టాను భర్తో బావో తాకట్టు పెట్టకుండా కాపాడింది. వ్యక్తి హక్కు, సంఘం కాపు రెండూ ఒకేచోట ఉన్న ఈ కూర్పు ఈ రంగంలో తెలుగు నేల ఇచ్చిన మేలైన నమూనా అనవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వం వెలుగు పథకంలో మహిళా సంఘాల ద్వారా భూమి కొనుగోలును 2000 తర్వాత పెద్ద ఎత్తున చేపట్టాలని చూసింది. గ్రామైక్య సంఘం లబ్ధిదారులనూ పొలాన్నీ ఎంపిక చేయడం, ఆసామితో నేరుగా బేరమాడడం అందులో మంచి అంశాలు. కానీ స్థిరాస్తి ధరలు ఎగబాకేసరికి పథకానికి కట్టిన ధర పరిమితిలో అమ్మేవారు దొరకలేదు. ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద అయిదు వేల ఎకరాలకు అటూఇటూ దగ్గరే అది ఆగిపోయింది. కొనుగోలు దారి తీరప్రాంతంలో ఎంత ఇరుకో అప్పుడే తేలిపోయింది.

కాబట్టి ప్రశ్న కౌలు దగ్గరకే వస్తుంది. సమష్టి కౌలు గిట్టుబాటవుతుందా అన్నదానికి అరుదైన లెక్కలు ఉన్నాయి. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ కేరళ, తెలంగాణల్లో మహిళల గుంపు సాగును అదే ప్రాంతాల్లోని వ్యక్తిగత సాగుతో పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. కేరళలో 69 గుంపు సాగులు, 181 వ్యక్తిగత సాగులు, తెలంగాణలో 126 గుంపులు, 637 వ్యక్తిగత సాగులు ఆ పరిశీలనలో ఉన్నాయి. కేరళ గుంపుల పంట విలువ హెక్టారుకు వ్యక్తిగత రైతుల కంటే 1.8 రెట్లు. తెలంగాణలో గుంపుల దిగుబడి వెనకబడింది. అయితే కూలి ఖర్చు తగ్గడం వల్ల నికర మిగులులో వ్యక్తిగత రైతులతో సమానంగా నిలిచాయి.

ఈ తేడాకు మనుషుల సమర్థత కారణం కాదు. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కింద గుంపులు చిన్నవి, సగటున ఆరుగురు. సభ్యుల్లో కులాల, మతాల కలయిక ఉంది. అరటి, కూరగాయల వంటి అమ్మకపు పంటలు వేశారు. నాబార్డు రుణం, స్థానిక పంచాయతీ అండ, వ్యవసాయ శాఖ సలహా ఏళ్ల తరబడి కొనసాగాయి. తెలంగాణ గుంపులు ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సంస్థ ద్వారా 2001లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలయ్యాయి. సగటున ఇరవైమందికి పైగా సభ్యులు, దాదాపు అందరూ పేద దళిత, వెనకబడిన కులాల స్త్రీలు. దొరికినవి ఆసాములు వద్దనుకున్న పొలాలు. 2005లో నిధులు ఆగిపోయాయి. నాలుగైదేళ్లలో ఏ సాగుదారూ నిలదొక్కుకోడు. సాయం ఆగినా ఎన్నో గుంపులు ఏళ్ల తరబడి సాగు చేస్తూ రావడమే విశేషం. కేరళలో కౌలు చట్టరీత్యా నిషిద్ధమన్నది మరో విడ్డూరం. చట్టం కాదన్న పనిని అక్కడ ప్రభుత్వమే ప్రోత్సహించి విజయవంతం చేసింది.

తీరప్రాంత వరి సాగుకు అచ్చంగా ఉమ్మడి సేద్యమే సరిపోతుందని అనుకోనవసరం లేదు. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది తొలినాళ్లలో ఇటలీ కూలీలు పెద్ద ఎస్టేట్లను సహకార సంఘాల పేర సామూహికంగా కౌలుకు తీసుకున్నారు. అందులో రెండు పద్ధతులు ఉండేవి. ఎమీలియా ప్రాంతంలో భూమిని కలిపే సాగు చేశారు. సిసిలీలో సంఘం కౌలు పట్టి, భూమిని సభ్యులకు తుండ్లుగా పంచింది. మధ్య దళారి కౌలుదారును తప్పించడమే రెండింటి ఫలితం. ఫ్రాన్సులో 2003లో మొదలైన తెర్ ద లియాన్ ఉద్యమం మరో దారి పట్టింది. పట్టణవాసులు చిన్న వాటాలు కొంటారు, ఆ నిధితో పొలాలు కొని తిరిగి అమ్మకుండా యువ రైతులకు దీర్ఘకాలిక కౌలుకు ఇస్తారు. కోతలు ఇప్పుడు యంత్రాలతో సాగే నెల్లూరు సీమలో సిసిలీ పద్ధతే ఎక్కువ నప్పుతుంది. కౌలు, నీటి వంతు, కోత యంత్రం, ధాన్యం అమ్మకం సంఘానివి. మడి, పైరు, కష్టం కుటుంబానివి.

దీనికి చట్టం ఎంత దూరం వస్తుంది? ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం 1956 నాటిది. తర్వాతి సవరణలతో ఆరేళ్ల కనీస కౌలు గడువు, కౌలుపై గరిష్ఠ పరిమితి అందులోకి వచ్చాయి. కాగితం మీద ఇంత బలమైన రక్షణ ఉండడం వల్లనే ఆసాములు కాగితం రాయడం మానేశారు. 2011లో సాగుదారుల లైసెన్సు చట్టం తెచ్చి, హక్కు జోలికి పోకుండా రుణ అర్హత కార్డు ఇవ్వాలని చూశారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఆసామి సంతకంతో 11 నెలల ఒప్పందం, దాని ఆధారంగా రుణం, బీమా, పరిహారం. ఆసామి భయాన్ని పోగొట్టడం దాని ఉద్దేశం. ఆ సంతకం పెట్టించుకునే శక్తి కౌలుదారుకు లేకపోవడం దాని బలహీనత. ఈ చట్టాలన్నీ కౌలుదారును ఒంటరి మనిషిగానే చూశాయి. 2016లో నీతి ఆయోగ్ నమూనా కౌలు చట్టం ప్రకటించినా, రాష్ట్రంలో సంఘాన్ని కౌలుదారుగా నిలిపే ఏర్పాటు రాలేదు. రిజిస్టరైన సంఘం కౌలుదారయితే ఆసామికి భయం తగ్గుతుంది. కౌలు డబ్బుకు సంఘం పూచీ ఉంటుంది, గడువు తీరాక భూమి తిరిగి ఇవ్వడానికి సంఘం పరువు పూచీ ఉంటుంది. కౌలుదారు వైపు చూస్తే, ఏ సభ్యుడు తప్పుకున్నా కౌలు ఆగదు.

సంఘం పెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. 1964 సహకార సంఘాల చట్టం కింద అధికారుల పెత్తనం ఎక్కువని గ్రహించి, ఆంధ్రప్రదేశ్ 1995లోనే దేశంలో అందరికన్నా ముందు పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. సభ్యుల వాటాధనంతో, సభ్యుల నిబంధనలతో, ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘం నడుపుకోవచ్చు. మహిళా మండల సమాఖ్యలు చాలా వరకు దీని కిందే నమోదయ్యాయి. వాటికి పొదుపు ఉంది, బ్యాంకులతో లావాదేవీ ఉంది, తిరిగి చెల్లించిన చరిత్ర ఉంది. లేనిది భూమి వ్యవహారం తలకెత్తుకునే ఉపవిభాగం ఒక్కటే.

మొదట పట్టవలసిన భూములు కూడా కళ్లెదుటే ఉన్నాయి. దేవాలయ భూముల కౌలు బహిరంగ వేలంలో వెళుతుంది. 1987 దేవాదాయ చట్టం 82వ సెక్షన్ రెండున్నర ఎకరాల మాగాణి లేదా అయిదెకరాల మెట్టకు మించి భూమి లేని పేద కౌలుదారుకు ప్రత్యేక రక్షణ ఇచ్చినా, వేలంపాటలో డబ్బున్నవాడిదే పై పాట. పాడినవాడు ఆ పొలాన్ని తిరిగి పేదలకే ఎక్కువ కౌలుకు ఇస్తాడు. ఆ మధ్య మనిషి స్థానంలో రిజిస్టరైన పేదల సంఘాన్ని నిలబెట్టి, అయిదేళ్లకు తగ్గకుండా కౌలు ఇస్తే ఆలయానికి రాబడి తగ్గదు. వలస వెళ్లినవారి బీడు పొలాలు, చవుడు తేలిన మడులు, సాగులోకి రాని డీ-ఫారం భూములు తర్వాతి వరుస. చవుడు నేలను ఒక్కడు బాగుచేయలేడు. పక్క మడిలో ఉప్పునీరు ఉన్నంతకాలం తన మడి కడిగి ఏమీ లాభం లేదు. యాభై ఎకరాల బ్లాకు సంఘం చేతిలో ఉంటే మురుగు కాలువ తీయవచ్చు, జీలుగ చల్లి దున్నవచ్చు, రొయ్యల గుంటకు ఎంత దూరం ఉండాలో గట్టిగా అడగవచ్చు.

యానాదుల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. వారిలో చాలామందికి వ్యవసాయం వారసత్వంగా వచ్చిన వృత్తి కాదు. సరస్సు, కాలువ, పొలం కలిసిన బతుకు వారిది. వారి సంఘానికి ఇచ్చే కౌలులో వరి మడితో పాటు చెరువు చేపల హక్కు, గట్ల మీది చెట్ల హక్కు కలిసి ఉండాలి. కొల్లేటిలో జరిగినట్టు పెట్టుబడి కోసం బయటివాడి దగ్గరకు వెళ్లే అవసరం రాకుండా మొదటి మూడు పంటలకు కౌలు, పెట్టుబడి రెండూ సమాఖ్య నిధి నుంచి అప్పుగా అందాలి. సబ్‌లీజు జరిగితే కేటాయింపు రద్దు కావాలి. ఆ తనిఖీ రెవెన్యూ అధికారిది కాకుండా ఊరి గ్రామసభది కావాలి.

రాష్ట్ర ప్రభుత్వం చేయగల మొదటి పని చిన్నదే. 2019 చట్టంలో ‘సాగుదారు’ నిర్వచనంలోకి సహకార సంఘాన్ని, మహిళా సంఘాన్ని చేర్చి, 11 నెలల గడువును సంఘాల విషయంలో అయిదేళ్లకు పొడిగించాలి. సూళ్లూరుపేట, చిట్టమూరు, వాకాడు మండలాల దేవాలయ భూముల తదుపరి వేలానికి ముందే ఆ సవరణ వస్తే, తీరంలో తొలి సమష్టి కౌలు వచ్చే కారు నాట్లకే మొదలుకావచ్చు.